పొలమే పాఠశాల

వరిచేను ఏపుగా పెరిగి పొట్టదశకు వచ్చియుండును. గట్టుపై నిలిచి చూచువానికి పచ్చదనము తప్ప మరేమియు కానరాదు. నాలుగు దినములు గడచుసరికి చేని నడుమ ఒకచోట గుండ్రముగా పైరు పసుపువన్నెకు తిరుగును. మరి నాలుగు దినములకు ఆ చోటు నిప్పు పెట్టినట్లు ఎండి నేలకొరగును. అట్టి సుడి ఒకటి రెండై, రెండు పదియై, చేనంతయు వ్యాపించును. సుడులు సుడులుగా పైరును ఎండించు ఈ పురుగునకు తెలుగు రైతులు సుడిదోమ యని పేరు పెట్టిరి. కృష్ణా గోదావరి డెల్టాల రైతులకు ఇది చిరపరిచితమైన శత్రువు.

సుడిదోమ గోధుమవన్నె గల చిన్న పురుగు. దాని పొడవు 3, 4 మిల్లీమీటర్లకు మించదు. అది ఆకులపై వాలి కూర్చుండునది కాదు. దుబ్బు మొదట, నీటికి కొంచెము పైగా గుంపులుగా చేరి, కాండములోని రసమును పీల్చును. కావున గట్టుమీద నిలిచినవాని కంటికి అది కనబడదు. చేనిలో దిగి, దుబ్బును వంచి, మొదలు తట్టి చూచినవానికే కనబడును. ఆడుపురుగు, కాండమును చుట్టియుండు ఆకుతొడుగును చీల్చి, ఆ చీలికలో గుడ్లు పెట్టును. ఒక పురుగు తన జీవితకాలమున వందలకొలది గుడ్లు పెట్టగలదు. తొడుగులో దాగిన గుడ్లకు పైన చల్లిన మందు సరిగా తగులదు. ఈ చిన్న సంగతి మీదనే ఒక దేశపు వ్యవసాయవిధానము తలక్రిందులైనది. ఆ దేశము ఇండొనేషియా.

ఇండొనేషియాలో జావా ద్వీపము మిక్కిలి జనసమ్మర్దము గలది. అగ్నిపర్వతముల బూడిదచే సారవంతమైన నేల, చిన్న చిన్న కమతములు, ఏటికి రెండు పంటల వరి, ఇది జావా రైతు జీవితము. అయినను పెరుగుచున్న జనసంఖ్యకు బియ్యము చాలక ఆ దేశము పరదేశముల బియ్యముపై ఆధారపడెడిది. ప్రభుత్వము క్రొత్త వంగడములను, రసాయనికపు టెరువులను, పురుగుమందులను, అప్పును ఒకే మూటగా కట్టి రైతులకు అందించెను. 1968-70 సంవత్సరముల నడుమ కొన్ని ప్రాంతములలో విమానముల ద్వారా పొలములపై మందు చల్లించిరి. తన చేనిలో పురుగు ఉన్నదా లేదా యని క్రింద నున్న రైతును ఎవ్వరును అడుగలేదు. తరువాతి కాలమున మందుల ధరలో నాలుగింట మూడు వంతులకు పైగా ప్రభుత్వమే భరించుచు వచ్చెను. చౌకగా దొరకు వస్తువును చేతికి వచ్చినంత వాడుట లోకసహజము. నాటిన ఇన్నవ దినమున ఒక మారు, మరి ఇన్ని దినములకు ఇంకొక మారు అని దినములు లెక్కపెట్టి మందు చల్లుట అలవాటయ్యెను. పైరును చూచి కాక పంచాంగమును చూచి వైద్యము చేయుట వంటి దిది.

1970 దశకపు నడిమి కాలమున సుడిదోమ జావాపై విరుచుకొనిపడెను. లక్షల టన్నుల ధాన్యము నష్టమయ్యెను. దానిని తట్టుకొను ఐ.ఆర్. 36 అను వంగడము వచ్చిన పిదప కొంత ఊరట కలిగెను. 1984వ సంవత్సరమున ఇండొనేషియా తనకు వలసిన బియ్యమును తానే పండించుకొను స్థితికి చేరెను. ఆ సంతోషము రెండేండ్లు నిలువలేదు. 1985-86లో సుడిదోమ మరల విజృంభించెను. ప్రభుత్వము మందును మరింత చల్లించెను. పురుగు తగ్గకపోగా పెరిగెను. మందు ఎక్కువగా చల్లిన చోటనే పురుగు ఎక్కువగా నుండుట పలువురు గమనించిరి.

ఈ విడ్డూరమునకు కారణమును శాస్త్రజ్ఞులు అంతకు ముందే కనుగొనియుండిరి. పీటర్ కెన్మోర్ అను అమెరికా దేశపు కీటకశాస్త్రజ్ఞుడు 1970 దశకపు చివరి భాగమున ఫిలిప్పీన్సు దేశపు వరిపొలములలో దీనినే పరిశోధించెను. వరిచేనిలో సుడిదోమ ఒంటరిగా నుండదు. గూడు కట్టక, నీటిపైనను దుబ్బులపైనను పరుగులిడుచు వేటాడు సాలీడు ఒకటి కలదు. అది దినమునకు 5 మొదలు 15 వరకు పురుగులను తినగలదు. మిరిడ్ నల్లి యను ఆకుపచ్చని పురుగు తన సూది వంటి మూతిని ఆకుతొడుగులో గ్రుచ్చి సుడిదోమ గుడ్లను పీల్చివేయును. మందు చేరలేని చోటికి ఈ నల్లి మూతి చేరుననుట గమనింపదగినది. దుబ్బు నుండి జారి నీట పడిన దోమపిల్లలను పట్టి తినుటకు నీటిపై తిరుగు చిన్న నల్లులు కాచుకొనియుండును. అక్షింతల పురుగులు, తూనీగలు, గుడ్లలో తమ గుడ్లను పెట్టు సన్నని కందిరీగల వంటి పరాన్నజీవులు వీనికి తోడు. రైతు కూలి ఈయక యే ఈ సేన యంతయు రేయింబవళ్లు పనిచేయుచుండును.

మందు చల్లినపుడు ఏమి జరుగును? ఆరుబయట తిరుగు సాలీళ్లు, నల్లులు మొదట చచ్చును. దుబ్బు మొదట నున్న దోమలలో కొన్ని చచ్చును, కొన్ని బ్రతుకును. తొడుగులలోని గుడ్లు చాలవరకు చెక్కుచెదరవు. వారము పది దినములలో అవి పొదిగి పిల్లలు బయటికి వచ్చును. అప్పటికి వానిని తినవలసిన సాలీడు లేదు, గుడ్లను పీల్చవలసిన నల్లి లేదు. సుడిదోమ తరము నెల లోపల ముగియును. సాలీడు మరల పెరిగి సంఖ్య నిండుటకు ఎక్కువ కాలము పట్టును. ఈ పరుగుపందెములో ఎవరు గెలుతురో వేరుగ చెప్పనక్కరలేదు. రైతు మరల మందు చల్లును. చల్లిన కొలది దోమకు దారి సుగమమగును.

1986వ సంవత్సరము నవంబరు 5వ తేదీన ఇండొనేషియా అధ్యక్షుడు సుహార్తో ఒక ఆజ్ఞ జారీ చేసెను. వరిపై 57 పేర్ల పురుగుమందులను వాడరాదనియు, సమగ్ర సస్యరక్షణమే ప్రభుత్వవిధానమనియు దాని సారాంశము. మందులపై నిచ్చు సహాయధనము క్రమక్రమముగా తగ్గి 1989 నాటికి ఆగిపోయెను. దానివలన ఆ దేశపు ఖజానాకు ఏటికి 10 కోట్ల డాలర్లకు పైగా మిగిలెను. వరిదిగుబడి తగ్గలేదు.

ఆజ్ఞ గొప్పదే. కాని ఆజ్ఞ రాజధానిలో పుట్టును. సుడిదోమ దుబ్బు మొదట పుట్టును. ఈ దినమున ఈ చేనిలో ఏమి చేయవలెనని రైతు అడిగినచో ఆజ్ఞాపత్రము బదులు చెప్పదు. పూర్వము ఉద్యోగి వచ్చి మందు చల్లుమని చెప్పెను, రైతు చల్లెను. ఇప్పుడు మరియొక ఉద్యోగి వచ్చి చల్లవద్దని చెప్పుచున్నాడు, రైతు మానవలెను. రెండింటను రైతు చేసినది చెప్పినమాట వినుటయే. రేపు మందుల వర్తకుడు వచ్చి ఇంకొక మాట చెప్పిన, రైతు దానినే వినును. "దుబ్బుకు ఇన్ని దోమలు కనబడిన మందు చల్లుము" అను లెక్కలును పూర్తిగా చాలవు. దుబ్బుకు 10 దోమలు, 3 సాలీళ్లు ఉన్న చేను వేరు. దుబ్బుకు 10 దోమలుండి సాలీడే లేని చేను వేరు. ఆ భేదమును గ్రహింపగలవాడు ప్రతిదినము చేనికి పోవువాడే. కావున అతనికే ఆ విద్య రావలెనని ఈ పనికి పూనుకొన్నవారు నిశ్చయించిరి.

1989వ సంవత్సరమున, ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, జావాలోని యోగ్యకర్త ప్రాంతమున మొదటి పొలంబడులు ఆరంభమయ్యెను. ఇండొనేషియా భాషలో వానిని "సెకొలా లపంగన్" అందురు. పొలమునందలి బడి యని దాని అర్థము.

ఆ బడికి గోడలు లేవు, బల్లలు లేవు. ఊరిలో ఒక వరిచేనే తరగతిగది. సుమారు 25 మంది రైతులు వారమునకొక ఉదయము అచ్చట చేరుదురు. నాట్లు మొదలు కోత సమీపించు వరకు, అనగా ఒక పంటకాలమంతయు బడి సాగును. చేనిని రెండు భాగములు చేయుదురు. ఒక భాగమున వాడుక ప్రకారము సేద్యము; రెండవ భాగమున పరిశీలించి నిర్ణయించు సేద్యము. ఏది మేలో చివర పంటయే చెప్పును.

బడిలో చేరిన దినముననే ఒక పరీక్ష యుండును. పరీక్షలనిన బెదరు విద్యార్థులు సైతము ఇట్టి పరీక్షను కోరుకొందురు. గట్టు వెంట అచ్చటచ్చట కఱ్ఱలు పాతి, ఒక్కొక్క దానికి ఒక ప్రశ్నను కట్టుదురు. ప్రశ్న కాగితముపై నుండదు. నిజమైన ఆకు, నిజమైన పురుగు దారమునకు వ్రేలాడుచుండును. "ఈ ఆకును కొరికినది వీనిలో ఏది?", "వీనిలో పైరునకు మేలు చేయునది ఏది?" అని అడిగి, మూడు బదుళ్లకు మూడు డబ్బాలుంచుదురు. రైతు తనకు తోచిన డబ్బాలో చీటి వేయును. చదువురాని వాడును వ్రాయగల పరీక్ష యిది. పంటకాలము ముగిసిన పిదప ఇట్టి పరీక్షయే మరల పెట్టుదురు. మొదటిసారి సాలీడును శత్రువుల డబ్బాలో వేసినవారు రెండవసారి ఏ డబ్బాలో వేసిరో చూచుకొందురు.

వారము వారము జరుగు పాఠము ఇట్లుండును. అయిదుగురేసి రైతులు ఒక జట్టు. తెల్లవారగనే చేనిలో దిగి, అచ్చటచ్చట 10 దుబ్బులను ఎన్నుకొని, ఒక్కొక్క దుబ్బును మొదటి నుండి చివరి వరకు పరిశీలింతురు. పిలకలెన్ని? ఆకుల రంగెట్టిది? నీరెంత లోతు? సుడిదోమలెన్ని, సాలీళ్లెన్ని? కనబడిన క్రొత్త పురుగును చిన్న సంచిలో పట్టి తెత్తురు. తరువాత చెట్టునీడకు చేరి పెద్ద కాగితముపై బొమ్మ గీయుదురు. నడుమ వరిదుబ్బు, పైన ఆ దినపు ఎండయో మబ్బో, క్రింద నీటిమట్టము, ఒక ప్రక్క పైరును తిను పురుగులు, రెండవ ప్రక్క ఆ పురుగులను తిను మిత్రులు, వాని సంఖ్యలు. బొమ్మ అడుగున ఆ జట్టు నిర్ణయము: ఈ వారము నీరు తీయవలెనా, కలుపు తీయవలెనా, ఊరకుండవలెనా? జట్టులో ఒకడు లేచి ఆ బొమ్మను అందరికి వివరించును. మిగిలిన జట్లవారు ప్రశ్నింతురు. గతవారపు బొమ్మను ప్రక్కన పెట్టి చూచి, సాలీళ్లు పెరుగుచున్నవా తగ్గుచున్నవా యని వాదించుకొందురు. జీవితమున ఎన్నడును సభలో నోరు విప్పని వారు ఈ బొమ్మను చేత పట్టుకొని మాటాడ నేర్చుకొందురు. పొలంబడి నేర్పిన విద్యలలో దీనిని తక్కువగా నెంచరాదు.

ఉపాధ్యాయుని సంగతి మరింత విచిత్రమైనది. రైతు ఒక పురుగును తెచ్చి "ఇదేమి?" అని అడిగినచో అతడు వెంటనే దాని పేరు చెప్పరాదు. "ఎచ్చట దొరికినది? ఆకుపైనా, మొదటనా? ఏమి చేయుచుండెను? ఒకటే యుండెనా, పెక్కులుండెనా?" అని తిరిగి అడుగవలెను. పేరు చెప్పినంతనే ప్రశ్న చచ్చిపోవునని, పేరు తెలియుట కంటె దాని పని తెలియుట ముఖ్యమని ఆ బడుల నేర్పరచినవారి అభిప్రాయము. దీనికొక సాధనము కలదు. దానిని పురుగుల జంతుశాల యందురు. పారదర్శకమైన గిన్నెలోనో, దోమతెర గుడ్డ చుట్టిన దుబ్బుపైనో, తెలియని పురుగును సుడిదోమలతో కూడ విడుతురు. మరునాడో, మరువారమో వచ్చి లెక్కింతురు. పది దోమలు మూడైనచో ఆ పురుగు మిత్రుడని వేరుగ ఎవ్వరును చెప్పనక్కరలేదు. తన కన్నులతో చూచిన దానిని రైతు మరచిపోడు; వర్తకుడు వచ్చి కాదన్నను నమ్మడు.

ఆకులు కత్తిరించు ప్రయోగము మరియొకటి. పైరు లేతగా నున్నపుడు ఆకులపై చిల్లులు కనబడిన రైతు గుండె గుభిల్లుమనును. ఆ భయముతోనే మొదటి మందు చల్లును. బడిలో రైతులు తామే కత్తెర పట్టి, కొన్ని మళ్లలో నాలుగవ వంతు ఆకును, కొన్నిట సగము ఆకును కత్తిరింతురు. కోతనాడు తూకము వేసి చూతురు. లేతదశలో పోయిన ఆకును వరి మరల పుట్టించుకొనుననియు, పంటకు చెప్పుకోదగిన నష్టము లేదనియు తూకమే తెలుపును. వెన్ను పైకి వచ్చునపుడు కత్తిరించినచో ఫలితము వేరుగ నుండును. ఎప్పుడు భయపడవలెనో, ఎప్పుడు భయపడనక్కరలేదో ఈ కత్తెర నేర్పినట్లు ఏ గ్రంథమును నేర్పలేదు.

తొలిదశలో మందు చల్లుటవలన కలుగు హానిని గూర్చి 1996లో ప్రకటితమైన ఇండొనేషియా పరిశోధన ఒకటి ఇంకను లోతైన సంగతిని వెల్లడించెను. నాట్లు వేసిన తొలిదినములలో చేనిలో సుడిదోమ ఉండదు. మరి సాలీళ్లు ఏమి తిని బ్రతుకును? బురదలోని కుళ్లిన గడ్డి, ఆకుల వలన నీటిలో సూక్ష్మజీవులు పెరుగును. వానిని తిని కుట్టని చిన్న దోమల వంటి ఈగలు వేలకొలది పుట్టును. సాలీళ్లకు తొలి ఆహారమవియే. శత్రువు వచ్చుటకు ముందే సైన్యము తిని బలిసి సిద్ధముగా నుండును. తొలి మందు ఆ అన్నమును, ఆ సైన్యమును కూడ ఒక్కమారే నాశనము చేయును.

మందుల వలన మనుష్యునికి కలుగు అపాయమును చూపుటకు పొలంబడులలో ఒక ప్రదర్శనము చేయుదురు. మందునకు బదులు ఎర్రరంగు నీటిని డబ్బాలో పోసి, తెల్లని దుస్తులు తొడిగిన రైతుచే చేనిపై చల్లింతురు. అతడు గట్టెక్కునప్పటికి తొడలు, చేతులు, వీపు ఎర్రబడియుండును. అది రంగు కాక విషమైనచో ఏమగునో చూచినవారికి చెప్పనేల?

పొలంబడి ముగిసినంతనే రైతులు చెదరిపోలేదు. చాలచోట్ల సంఘములుగా ఏర్పడిరి. వారిలో చురుకైనవారు శిక్షణ పొంది, తామే ఉపాధ్యాయులై పొరుగూళ్లలో బడులు నడిపిరి. 1990 ప్రాంతమున జావా ఉత్తరతీరమున వరిని తెల్లని కాండము తొలుచు పురుగు పట్టినపుడు, నిషేధించిన మందులను మరల తెప్పింపవలెనని ఒత్తిడి వచ్చెను. ప్రభుత్వము లొంగలేదు. రైతులు, బడిపిల్లలు నారుమళ్లలో ఆకులపై నున్న గుడ్లముద్దలను చేతులతో ఏరివేసిరి. 1999 నాటికి ఇండొనేషియాలో పది లక్షలకు పైగా రైతులు పొలంబడులలో చదివిరి. తరువాత ఈ పద్ధతి తొంబది దేశములకు పైగా వ్యాపించినది.

ఇది అంతయు విజయగాథ యని తలపరాదు. పొలంబడికి వ్యయమెక్కువ. 25 మందికి ఒక ఉపాధ్యాయుడు, ఒక పంటకాలము కావలెను. చదివిన రైతు తన పొరుగువానికి చెప్పును, ఆ విధముగా విద్య తనంతట తాను ప్రాకునని కొందరాశించిరి. 2004లో ఆర్థికశాస్త్రజ్ఞులు ప్రకటించిన ఒక పరిశీలన, ఇండొనేషియాలో బడి చదివిన రైతుల దిగుబడిలో గాని, మందుల వాడుకలో గాని చెప్పుకోదగిన మార్పు కనబడలేదనియు, పొరుగువారికి విద్య చేరలేదనియు తేల్చెను. ఇతరులు చేసిన పరిశీలనలు మందు తగ్గినదని తేల్చినవి. వాదము నేటికిని ఉన్నది. కంటితో చూచి, చేతితో లెక్కించి నేర్చిన దానిని మాటతో పొరుగువానికి అందించుట కష్టమనుటలో సందేహము లేదు. ఈత నేర్చినవాడు గట్టుపై కూర్చుండి చెప్పినంత మాత్రమున వినువానికి ఈత రాదు గదా! ప్రభుత్వపు శ్రద్ధ తగ్గి, మందుల అమ్మకము మరల పెరిగిన పిమ్మట, 2009-11 సంవత్సరములలో సుడిదోమ జావాను మరల పట్టి పీడించెను.

భారతదేశమునకును 1990 దశకమున ఈ బడులు వచ్చినవి. తెలుగునాట వానికి పొలంబడి యను చక్కని పేరు కుదిరినది. వరిలో సుడిదోమ విషయమున తెలుగు రైతునకు మరికొన్ని ఆయుధములు కలవు. మారుటేరు పరిశోధనాకేంద్రమువారు చైతన్య, కృష్ణవేణి, విజేత వంటి తట్టుకొను వంగడములను రూపొందించిరి. నాటునపుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడిచినచో గాలి వెలుతురు దుబ్బుల మొదళ్లకు చేరి దోమ ఉధృతి తగ్గును. మధ్యమధ్య చేనిని ఆరగట్టుటయు మేలు చేయును.

కాని తెలుగుదేశమున పురుగుమందుల కథ వరి కంటె ప్రత్తిలో బాధాకరముగా నడచినది. 1980 దశకమున గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిచేలలో తెల్లదోమ, అటుపిమ్మట శనగపచ్చపురుగు, పొగాకు లద్దెపురుగు ఒకదాని వెంట నొకటి విజృంభించినవి. మందు చల్లిన కొలది వాటికి మందును ఓర్చుకొను శక్తి పెరిగినది. మందును అప్పుగా నిచ్చువాడు, ఏ మందు చల్లవలెనో చెప్పువాడు, పలుచోట్ల పంటను కొనువాడును ఒక్క వర్తకుడే. అతని మాట కాదనుటకు రైతునకు జ్ఞానము లేదు, స్వాతంత్ర్యమును లేదు. 1987-88లో ఆ జిల్లాలలోను, 1997-98లో వరంగల్లు జిల్లాలోను ప్రత్తిపంట దెబ్బతిని, అప్పుల భారము మోయలేక ఎందరో రైతులు ప్రాణములు విడిచిరి.

ఒక్కొక్క పురుగునకు ఒక్కొక్క స్వభావము కలదు. కొన్నిటి విషయమున ఒక రైతు ఎంత చదివినను చాలదు. తెలంగాణపు ఎర్రనేలలలో ఆముదపు పైరును తిను ఎర్ర గొంగళిపురుగు అట్టిది. దాని కోశములు నేలలో, చెట్లనీడన, గట్లక్రింద ఏటి పొడవున నిద్రించును. తొలకరి మంచివాన కురియగనే రెక్కలపురుగులై సాయంకాలమున లేచును. అవి వెలుతురు వైపు వచ్చు స్వభావము గలవి. ఆ కొద్ది రాత్రులలో పొలముల నడుమ మంటలు వేసినచో వేలకొలది వచ్చి పడి చచ్చును. ఆ రాత్రులు దాటిన పిదప గుడ్లు పొదిగి గొంగళులు పుట్టి, ఒక చేనిని తిని మరొక చేనికి దండుగా నడచును. ఒంటినిండ బొచ్చు పెరిగిన గొంగళికి మందును అంతగా పనిచేయదు. ఒక రైతు తన చేనిలో మంట వేసి, ప్రక్కవాడు నిదురించినచో ఇద్దరి పైరును పోవును. 1990 ప్రాంతమున తెలంగాణలో స్వచ్ఛందసంస్థలవారు ఊరూర రైతులను కూడగట్టి, వాన పడిన నాటి రాత్రి ఊరంతయు ఒక్కమారే మంటలు వేయించిరి. నడచివచ్చు గొంగళులకు అడ్డముగా కందకములు త్రవ్వించిరి. పెట్టుబడి చితుకులు, పాత టైర్లు. అసలు కావలసినది ఊరివారు ఏకమాట మీద నిలుచుట.

ఈ విద్యలో స్త్రీల స్థానమును గూర్చి మొదట ఎవ్వరును అంతగా ఆలోచింపలేదు. బడికి పిలుపు వచ్చినపుడు పట్టా ఎవరి పేర నున్నదో వారే పోయెడివారు. కాని మందును నీటిలో కలుపువారు, చల్లువాని డబ్బాను మరల మరల నింపువారు చాలవరకు స్త్రీలే. 2000-2004 నడుమ ఆసియాలోని 6 దేశములలో ప్రత్తిరైతులకు నడచిన పొలంబడులలో భారతదేశమును ఒకటి. ఆ కాలమున మన దేశపు 3 గ్రామములలో 50 మంది స్త్రీలు, మందు చల్లిన ప్రతిసారి తమకును తమ ఇంటి పురుషులకును కలిగిన బాధలను తామే నమోదు చేసిరి. తలనొప్పి, కళ్లమంట, వాంతి, చేతులవణకు, ఇట్లు. మొత్తము 323 సందర్భములు నమోదు కాగా, నూటికి 83కు పైగా సందర్భములలో విషలక్షణములు కనబడినవి. మందు కలిపి డబ్బా నింపుట, స్వయముగా చల్లుటతో సమానముగా ప్రమాదకరమని తేలినది. నూటికి 6 సందర్భములలో లక్షణములు మిక్కిలి తీవ్రముగా నుండెను. అయినను వారిలో ఒక్కరును వైద్యుని కడకు పోలేదు. భూమి తక్కువగల పేదలకే తీవ్రమైన విషబాధ ఎక్కువగా కలిగినది.

పూర్వపు ఖమ్మం జిల్లాలోని, నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పునుకుల అను చిన్న ఊరిలో ఈ సంగతులన్నియు ఒక్కచోట కలిసినవి. అచ్చట ప్రత్తి, మిరప ముఖ్యమైన పంటలు. మందుల అప్పులతోను, విషబాధలతోను ఆ ఊరు విసిగియుండెను. 1999 ప్రాంతమున ఒక స్వచ్ఛందసంస్థ తోడ్పాటుతో మొదట ఒకరిద్దరు రైతులు మందు మాని చూచిరి. వేపగింజలు దంచి తీసిన కషాయమును చల్లిరి. చేని చుట్టు ఆముదము, నడుమ నడుమ బంతిమొక్కలు నాటిరి. అవి పురుగులను తమ వైపునకు లాగుకొనును. గుడ్లు పెట్టిన ఆకులను త్రుంచివేయవచ్చును. పక్షులు వాలుటకు కొమ్మలు పాతిరి. లింగాకర్షక బుట్టలు వ్రేలాడదీసి, ఎన్ని మగరెక్కలపురుగులు పడెనో లెక్కించిరి. చూచిన పొరుగువారు మరుసటి యేట చేరిరి. ఊరి మహిళాసంఘములవారు దీనిని తమ పనిగా తీసికొనిరి. మందు కొను సొమ్ము ఇంటి ఖర్చునుండియే పోవునని, మందు నింపు చేయి తమదేయని వారికంటె బాగుగా తెలిసినవారెవరు? 2004 నాటికి ఆ గ్రామపంచాయతి తమ ఊరు పురుగుమందులను విడిచినదని ప్రకటించెను.

ఆ మరుసటి సంవత్సరముల నుండి రాష్ట్రప్రభుత్వపు గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఈ పద్ధతిని మహిళాసంఘముల ద్వారా పలు జిల్లాలకు, లక్షల ఎకరములకు వ్యాపింపజేసెను. గ్రామమునకొక కార్యకర్తను నియమించి, వారమునకొకసారి రైతులతో కూడ పొలములు తిరిగి పురుగులను పరిశీలించు పని అప్పగించిరి. ఆ కార్యకర్తలకై పట్టణములలో వెదుకలేదు. మందులు మాని పంట పండించిన రైతులనుండియే వారిని ఎన్నుకొనిరి.